రహీం సాబ్ చూసిన కుర్రాడు

అమ్ముగూడ సికింద్రాబాద్‌ను ఆనుకుని ఉన్న పల్లె. చుట్టూ కంటోన్మెంటు, సిపాయిలు ఫుట్‌బాల్ ఆడుకునే మైదానాలు. 1936లో అక్కడ ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు తులసీదాస్ బలరాం. కొడుకు చదువుకుని ఏదో సర్కారు కొలువులో కుదురుకుంటే చాలని తల్లి ముత్తమ్మ ఆశ. కొడుకు ప్రాణమంతా బంతి మీద. బూట్లు కొనే తాహతు లేక, పోలీసులు వాడి పారేసిన బూట్లనే చెప్పులు కుట్టే మనిషి చేత ఆటకు పనికొచ్చేలా మార్పించుకున్నాడని చెబుతారు.

ఆ బూట్లలోని కాళ్లే సయ్యద్ అబ్దుల్ రహీం కంటపడ్డాయి.

రహీం సాబ్ అసలు వృత్తి బడిపంతులు. ఆయన చేతి కింద హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. మైదానంలోనూ ఆయన పంతులే. డ్రిబ్లింగ్ చేయకూడదని నియమం పెట్టి పోటీలు ఆడించేవాడు, బంతి దొరగ్గానే పక్కవాడికి అందించడం పిల్లలకు అలవాటు కావాలని. వాటం లేని కాలితోనే తన్నాలని మరికొన్ని ఆటలు పెట్టేవాడు. ఇవాళ ఏం ఆడుతున్నాడన్నదాని కన్నా, రేపు ఎంత పెరుగుతాడన్నదే ఆయనకు పట్టింపు. ఫార్వర్డ్‌ను ఎంచడం మరీ కష్టం. వీధి ఆటలో గోల్స్ కొట్టే కుర్రాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. బంతి తన దగ్గర లేనప్పుడు ఎటు కదులుతున్నాడు? వచ్చిన బంతిని మొదటి తాకుడులోనే ఎటు మళ్లిస్తున్నాడు? వెనక నుంచి డిఫెండర్ మీద పడితే నిలదొక్కుకుంటాడా? ఇవి చూడాలంటే గోలు వైపు కాక కుర్రాడి వైపే కళ్లప్పగించి నిలబడాలి. రహీం సాబ్ అలా నిలబడ్డాడు.

రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీకి జట్టు ఎంపిక ఉంది, రమ్మన్నాడు. సికింద్రాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్లిరావడానికి డబ్బుల్లేవన్నాడు కుర్రాడు. సైకిలు అద్దెకు రహీం సాబే డబ్బులిచ్చాడు.

ఈ సైకిలు అద్దె దగ్గరే నా మనసు ఆగిపోతుంది. నేనుండేది నాగాయలంకలో, కృష్ణ సముద్రంలో కలిసే కొసన. ఇక్కడి లంకల్లో పడవ నడిపి, వల లాగి, సాయంత్రం ఇసుకలో కబడ్డీ ఆడే పిల్లల భుజాలు, ఊపిరి చూస్తే ఏ ఆటకైనా సరిపోతారనిపిస్తుంది. కాని కాలువ నీరు శివారు పొలం దాకా రానట్టే, చూసే కన్ను కూడా ఇంత దూరం రాదు. బలరాం అద్దె సైకిలు తొక్కేంత దూరంలో పుట్టాడు. ప్రతిభకు తోడు అతనికి దక్కిన భాగ్యం ఆ దగ్గరితనమే.

తర్వాత అంతా వేగంగా జరిగింది. 1956లో, 1957లో హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1956లోనే, ఇంకా లేత వయసులో, బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. రహీం శిక్షణలో ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడు కలకత్తా పిలిచింది, ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు. రెండు ఆటలూ మనం ఓడాం. అయినా ఫ్లోరియాన్ ఆల్బర్ట్ వంటివాడు ఆడిన హంగేరీ, మన మీద 2-1 తేడాతోనే బయటపడింది. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా క్లబ్బుకు తొమ్మిదేళ్ల తర్వాత కలకత్తా లీగ్ తెచ్చిపెట్టాడు. ఆ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ అతనివే.

పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం. ఈ ముగ్గురు ఫార్వర్డ్‌ల పేర్లను అప్పటి జనం ఒక్క ఊపిరిలో పలికేవారు. ముగ్గురిలో బలరాందే అన్నిటికన్నా సంపూర్ణమైన ఆట అని నేను నమ్ముతాను. ఎడమ అంచున నిలబెట్టినా, లోపల ఆడించినా, ముందు నిలిపినా ఆ చోటు తనదే అన్నట్టు ఒదిగిపోయేవాడు. ఒదిగిపోయేవాడి పేరు చివర పలకడం మనకు అలవాటు.

1962 జకార్తా ఆసియా క్రీడలు. జపాన్ మీద గెలిచిన ఆటలో ఒక గోలు బలరాంది. సెప్టెంబర్ 4న ఫైనల్. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టాడని స్టేడియం నిండా మన మీద కోపం. ఆ కేకల మధ్య దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. గట్టు మీద కూర్చున్న రహీం సాబ్‌ను అప్పటికే క్యాన్సర్ తినేస్తోంది.

1963 జూన్ 11న ఆయన పోయాడు.

అదే ఏడు బలరాం ఛాతీకి జబ్బు చేసింది. ప్లూరసీ, ఊపిరితిత్తుల పొరకు వచ్చే వాపు. ఈస్ట్ బెంగాల్ వదిలి, రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.లో చేరిన రోజులవి. ఫార్వర్డ్ ఆటంతా దమ్ము మీద నడుస్తుంది. నలభై గజాలు పరుగెత్తి, ఆగి, మళ్లీ పరుగెత్తాలి. గాలి పీలిస్తేనే పక్కటెముకల్లో పోటు పెట్టే మనిషి ఆ పరుగు తీయలేడు. ముప్ఫై నిండకుండానే, ఫార్వర్డ్ పండే వయసులోనే, ఆట అయిపోయింది. కాళ్లు బాగానే ఉన్నాయి, చూపు బాగానే ఉంది. రహీం సాబ్ అతనిలో చూసినవేవీ చెడలేదు. ఆయనే కాదు, ఏ పరీక్షకుడైనా చూడలేని చోట దెబ్బ తగిలింది.

నన్ను బాధించేది జబ్బు ఒక్కటే కాదు. ఎంచినవాడు, ఎంపికైనవాడు ఒకే ఏట మైదానానికి దూరమయ్యారు. సైకిలు అద్దె లేదంటే చెయ్యి జేబులో పెట్టే మనిషి ఆ తర్వాత మన ఫుట్‌బాల్‌కు దొరకలేదు. రోమ్ తర్వాత భారత జట్టు మళ్లీ ఒలింపిక్స్ గడప తొక్కలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఆ కప్పు తెలుగు నేలకు రాలేదు. ఒలింపియన్లను కన్న హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ పాతవాళ్లు చెప్పుకునే ముచ్చటగా మిగిలింది.

బలరాం వెనక్కి రాలేదు. పెళ్లి చేసుకోలేదు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో ఒంటరిగా బతికాడు. 1962లో అర్జున అవార్డు వచ్చింది. పద్మశ్రీ చునీకి 1983లో, పీకేకి 1990లో ఇచ్చారు. బలరాంకు బతికుండగా ఇవ్వలేదు. ఆ లోటు ఆయనకు ముల్లులా ఉండేది, దాచుకోలేదు కూడా. దాచుకోవలసిన అవసరం ఏముంది? ముగ్గురూ కలిసి ఆడారు, కలిసి స్వర్ణం తెచ్చారు. 2020లో నలభై ఒక్క రోజుల తేడాతో పీకే, చునీ ఇద్దరూ వెళ్లిపోయాక ఆ మూడు పేర్లలో చివరిదే మిగిలింది.

నూరు పైచిలుకు గోల్స్ కొట్టిపెట్టిన పాత క్లబ్బు ఈస్ట్ బెంగాల్ మీద ఆయనకు కినుక తగ్గలేదు. తాను పోయాక తన దేహాన్ని ఆ క్లబ్బుకు తీసుకెళ్లవద్దని ముందే చెప్పి ఉంచాడు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశాడు. రహీం సాబ్ కథతో తీసిన ‘మైదాన్’ సినిమా మరుసటి ఏడు ఏప్రిల్‌లో వచ్చింది. అందులో బలరాం పాత్ర ఉంది. అది చూసి మా ఊరి కుర్రాళ్లు కొందరు, ఈయన మన హైదరాబాద్‌వాడా అని నన్నడిగారు. అమ్ముగూడ అని చెప్పాను.