పొయ్యి ఎక్కని చాక్లెట్, రాతియుగం పేరు

గత ఆషాఢంలో నా పాత పేషెంటు ఒకరు రక్తపరీక్ష కాగితం పట్టుకొని ఇంటికి వచ్చారు. వయసు అరవై దాటింది. మధుమేహం పన్నెండేళ్లుగా ఉంది. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అంతకుముందు 7.2 ఉన్న అంకె 8.6కు చేరింది. మాత్రలు మానలేదు, ఉదయపు నడక మానలేదు. అన్నం కూడా సగానికి తగ్గించారు. కారణం ఆయన చెప్పలేదు. వెంట వచ్చిన ఆయన సతీమణి చెప్పారు. "మా అమ్మాయి అమెరికా నుంచి వీడియోలో చూపించిందండీ, చాక్లెట్ ఉండలు. పాలియో తిండి అట. మావారు రోజుకు ఐదు తింటున్నారు." ఆయన వెంటనే అడ్డుపడ్డారు: "అందులో పంచదార లేదు, మైదా లేదు, పాలు లేవు, పొయ్యి మీద పెట్టింది లేదు. రాతియుగం మనిషి తిన్న తిండే కదా డాక్టరుగారూ!"

ఆ చివరి వాక్యం నన్ను కొన్నాళ్లు వదలలేదు. ఈ వ్యాసం దాని ఫలితమే.

ముందుగా ఆ పేరు సంగతి. మానవుడు వ్యవసాయం నేర్వక మునుపు తిన్న ఆహారమే నేటి మన శరీరానికీ తగినదని 1975లో అమెరికాకు చెందిన జీర్ణకోశ వైద్యుడు వాల్టర్ వోగ్ట్లిన్ ఒక పుస్తకం రాశారు. అది అంతగా ప్రచారం పొందలేదు. 1985లో బాయిడ్ ఈటన్ అనే రేడియాలజిస్టు, మెల్విన్ కానర్ అనే మానవశాస్త్రవేత్త కలిసి 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ప్రచురించిన వ్యాసంతో ఈ ఆలోచనకు విద్వత్సభలో స్థానం దొరికింది. 2002లో లారెన్ కార్డెయిన్ రాసిన పుస్తకంతో అది వంటింట్లోకి వచ్చింది. ధాన్యాలు, పప్పులు, పాలు, శుద్ధిచేసిన పంచదార వద్దు. మాంసం, చేప, కాయగూర, పండు, గింజలు ముద్దు. సారాంశం ఇంతే. ఇందులో మంచి లేదని నేను అనను. మైదా, పంచదార తగ్గించిన వాడికి ఎంతో కొంత మేలు జరిగి తీరుతుంది. పప్పు మానమనడం మాత్రం మన శాకాహారులకు ఏ విధంగానూ హితవు కాదు.

అయితే రాతియుగంలో చాక్లెట్ ఎక్కడిది?

కోకో చెట్టు దక్షిణ అమెరికాలో, అమెజాన్ ఎగువ అడవులలో పుట్టింది. ఆఫ్రికా, ఆసియా, ఐరోపాలలోని పాతరాతియుగపు మనిషి దాన్ని చూచి ఉండడానికే వీలులేదు. మానవుడు కోకోను వాడినట్లు ఇప్పటివరకు దొరికిన సాక్ష్యాలలో అతి ప్రాచీనమైనది ఈక్వడార్‌లోని సాంతా ఆనా–లా ఫ్లోరిదా అనే చోట లభించిన పాత్రలలోనిది. 2018లో ప్రకటించిన ఆ పరిశోధన ప్రకారం దాని వయస్సు సుమారు 5,300 సంవత్సరాలు. పాతరాతియుగం ముగిసి అప్పటికే ఆరువేల ఏళ్లు దాటింది. ఇక మన మిత్రుని ఉండలోని ఖర్జూరం, బాదం పశ్చిమాసియావి. 1492లో కొలంబస్ ఓడలు అట్లాంటిక్ దాటేవరకు ఖర్జూరం, బాదం, కోకో ఈ మూడూ ఒక పళ్లెంలో కలిసే అవకాశమే లేదు. కనుక ఆ ఉండకు రాతియుగం పేరు అతకదు. అది పదహారో శతాబ్దం తరువాతి పదార్థం.

పొయ్యి ఎక్కలేదన్న మాట కూడా సగమే నిజం. కాయ నుంచి తీసిన పచ్చి కోకోగింజ ఊదారంగులో ఉండి, నోట పెట్టలేనంత చేదుగా, వగరుగా ఉంటుంది. చుట్టూ ఉన్న తెల్లని గుజ్జుతో సహా గింజలను ఐదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయిస్తే గాని మనం చాక్లెట్ వాసన అని పిలిచే పరిమళం పుట్టదు. ఏలూరు, పశ్చిమ గోదావరి ప్రాంతాలలో కొబ్బరి, పామాయిల్ తోటల నీడన కోకో పెంచే రైతులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. దేశంలో కోకో పండించే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం. నేల మీద, బుట్టలలో పులిసే గింజకు సూక్ష్మక్రిములు అంటుకోవడం సహజం. వేయించడం వల్ల అవి చాలావరకు నశిస్తాయి. కొందరు గొప్పగా అమ్మే 'పచ్చి కోకో' విషయంలో నా సంశయం ఇక్కడే.

మాయా, అజ్టెక్ ప్రజలు ఆ గింజలను పెనం మీద వేయించి, మన సన్నికల్లు వంటి వాలురాతి మీద నూరి, నీళ్లలో కలిపి, మిరపకాయ, వెనీలా వంటివి చేర్చి, నురగ వచ్చేలా ఎత్తిపోసి తాగేవారు. తరచుగా మొక్కజొన్న పిండి కూడా కలిపేవారు. పాలియో నియమంలో మొక్కజొన్న నిషిద్ధమని గుర్తుచేసుకుంటే కొంచెం నవ్వు వస్తుంది. వారికి చెరకు తెలియదు; పంచదార వాసనే లేని చేదు పానీయం అది. ఆ గింజలే బజారులో నాణేలుగా కూడా చెల్లేవి.

స్పెయిన్‌వారు దాన్ని స్వదేశానికి తెచ్చినప్పుడు వైద్యులకు పెద్ద చిక్కు వచ్చింది. మనవాళ్లు ఇది వేడి చేస్తుంది, అది చలువ చేస్తుంది అని విభజించినట్లే నాటి ఐరోపా వైద్యమూ ప్రతి పదార్థాన్నీ ఉష్ణం, శీతలం, ఆర్ద్రం, శుష్కం అని వర్గీకరించేది. రెండవ ఫిలిప్ రాజు వైద్యుడు ఫ్రాన్సిస్కో హెర్నాందెజ్ 1570లలో మెక్సికోలో ఉండి అక్కడి ఓషధులను నమోదు చేసినప్పుడు కోకోను శీతల ద్రవ్యంగా ఎంచాడు. శీతలమైతే దానికి ఉష్ణాన్ని జోడించాలి. అలా మిరప, దాల్చినచెక్క, సోంపు వంటివి రుచికోసమే కాక ఔషధ న్యాయం ప్రకారం కూడా సమర్థన పొందాయి.

1631లో ఆంతోనియో కోల్మెనెరో దె లెదెస్మా అనే స్పానిష్ వైద్యుడు చాక్లెట్ మీద ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. అందులోని పాకం నేటి 'నో–బేక్' వంటలకు ముత్తాత వంటిది. నూరు కోకోగింజలకు రెండు మిరపకాయలు, గుప్పెడు సోంపుజాతి గింజలు, కొంత దాల్చినచెక్క, డజను బాదములు, అన్నే హేజెల్ కాయలు, రంగుకోసం జాఫ్రా గింజలు, అర పౌను పంచదార. అన్నిటినీ నూరి ముద్ద చేసి, చెంచాడు చొప్పున కాగితం మీద వేసి నీడన ఉంచితే అది గట్టిపడి బిళ్ల అవుతుంది. కాగితాన్ని వంచితే, అందులోని కొవ్వు వల్ల, బిళ్ల దానంతట అదే ఊడివస్తుంది. మెక్సికో స్థానికులు కాగితానికి బదులు అరటిజాతి ఆకు వాడతారని కూడా అతడు రాశాడు. ఆ బిళ్లలు ప్రధానంగా వేడినీటిలో కలుపుకొని తాగడానికే. కాని పొయ్యి లేకుండా, పాలు లేకుండా, మైదా లేకుండా, బాదం కలిపి గట్టిపరిచిన చాక్లెట్ అది. నాలుగు వందల ఏళ్ల కిందటిది, అదీ వైద్యుని చేతి చీటీ.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. ఎండిన కోకోగింజ ఒక్కొక్కటి రమారమి గ్రాము బరువు. నూరు గింజలంటే 100 గ్రాములు. నాటి స్పానిష్ పౌను 460 గ్రాములు. అందులో సగం 230. అంటే ఆరోగ్యం కోసమని వైద్యుడు చెప్పిన చాక్లెట్‌లో కోకోకు రెట్టింపుకు పైగా పంచదార! కోకో గుణాల మీద పుటల కొద్దీ చర్చ జరిగింది. ఆ అర పౌను మీద అంత చర్చ జరగలేదు. కరిబియన్ దీవులలో ఆఫ్రికా బానిసల చెమటతో చెరకు పెరిగి, పంచదార చవకైన కొద్దీ ఈ మౌనం మరింత గాఢమైంది. నా పేషెంటు చెప్పిన మాటలో కూడా అదే మౌనం వినిపించింది.

తరువాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1828లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ హౌటెన్ కుటుంబం గింజలోని కొవ్వును పిండే యంత్రానికి పేటెంటు పొందింది. సగానికి పైగా ఉన్న కొవ్వు దాదాపు పావువంతుకు తగ్గి కోకోపొడి వచ్చింది. ఆ పొడికి క్షారం కలిపి చేదు తగ్గించే పద్ధతి కూడా వారిదే. 1847లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఫ్రై సంస్థ కోకోపొడి, పంచదార, కరిగించిన కోకో వెన్న కలిపి అచ్చుపోసి తినే చాక్లెట్ తయారుచేసింది. 1875 ప్రాంతంలో స్విట్జర్లాండులో డేనియల్ పీటర్ అందులో పాలు చేర్చాడు. 1879లో రుడాల్ఫ్ లింట్ దాన్ని గంటల తరబడి మర్దించి నోట్లో కరిగేలా చేశాడు. ప్రతి మెట్టులో రుచి పెరిగింది, కోకో పాలు తగ్గింది.

కోకోలో ఆరోగ్యానికి పనికివచ్చేది ఏమీ లేదా? ఉంది. అందులోని ఫ్లావనాల్ అనే పదార్థాలు రక్తనాళాలు వ్యాకోచించడానికి తోడ్పడతాయి. పనామా తీరద్వీపాలలోని కూనా ప్రజలు కోకో పానీయం విరివిగా తాగుతారనీ, వారికి వయసుతో రక్తపోటు పెరగడం లేదనీ హార్వర్డ్‌కు చెందిన నార్మన్ హోలెన్‌బర్గ్ 1990లలో గమనించారు. పట్నానికి వలసపోయిన కూనాలలో రక్తపోటు పెరిగింది. అది కోకో ఒక్కదాని మహిమ అని చెప్పలేం. పట్నం తిండి, పట్నం బతుకు అన్నీ మారతాయి కదా. అమెరికాలో 21,442 మంది మీద జరిపి 2022లో వెల్లడించిన కాస్మోస్ ప్రయోగంలో రోజూ 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్ ఇచ్చారు. మొత్తం గుండె, రక్తనాళ సంఘటనలలో కనిపించిన తగ్గుదల గణాంకపరంగా నిలవలేదు. ఆ జబ్బుల వల్ల కలిగే మరణాలు మాత్రం 27 శాతం తక్కువగా నమోదయ్యాయి. గుర్తుంచుకోవలసింది ఏమంటే, వారు ఇచ్చింది గొట్టపు మాత్రలు, చాక్లెట్ ఉండలు కావు. ఆ ప్రయోగానికి ఒక చాక్లెట్ కంపెనీ ధనసహాయం కూడా ఉంది. పైగా పులియబెట్టడం, వేయించడం, ముఖ్యంగా క్షారం కలపడం వల్ల ఈ ఫ్లావనాల్ బాగా తగ్గిపోతుంది.

ఇక నా పేషెంటు గారి డబ్బా దగ్గరకు వద్దాం. కొలతలు అడిగి రాసుకున్నాను. గింజ తీసిన ఖర్జూరం పావుకిలో, తేనె నాలుగు పెద్ద చెంచాలు, బాదం పావుకిలో, అర కప్పు కోకోపొడి, కొబ్బరినూనె. మొత్తం ఇరవై ఉండలు. ఖర్జూరంలో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరే. తేనెతో కలిపి లెక్కిస్తే ఉండకు 11–12 గ్రాములు. రోజుకు ఐదంటే 55 గ్రాములు దాటుతుంది. పన్నెండు టీచెంచాల పంచదారకు సమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకంలో తేనెను కూడా పంచదార కోవలోనే చేర్చింది. ఖర్జూరంలో పీచు ఉంది, ఖనిజాలు ఉన్నాయి, కాదనను. కాని పేరు మారినంత మాత్రాన మధుమేహి రక్తం దాన్ని వేరే లెక్కలో రాసుకోదు. పైగా కొబ్బరినూనెలో ఎనభై శాతానికి మించి సంతృప్త కొవ్వే. 24 డిగ్రీలకే కరిగిపోతుంది కనుక మన వేసవిలో ఆ ఉండ ఉండగా నిలవదు కూడా.

ఆయనను చాక్లెట్ మానమని నేను చెప్పలేదు. నాగులచవితికి పొయ్యి వెలిగించకుండా చిమ్మిలి దంచిన ఇల్లు అది. ఆమెకు పద్ధతి చెప్పనక్కరలేదు, కొలత చెప్తే చాలు. 120 గ్రాముల వేయించిన బాదం, 40 గ్రాముల వేయించిన నువ్వులు నూనె చిమ్మేదాకా దంచి, 25 గ్రాముల కోకోపొడి, 60 గ్రాముల మెత్తని ఖర్జూరం, చిటికెడు ఉప్పు, కొంచెం దాల్చినచెక్క పొడి కలిపి పదహారు చిన్న ఉండలు చేయమన్నాను. తేనె వద్దు, కొబ్బరినూనె వద్దు. ఉండకు చక్కెర మూడు గ్రాములకు మించదు. రోజుకు ఒకటి, మహా అయితే రెండు. అదీ భోజనం చివర. కోకోపొడి కొనేటప్పుడు డబ్బా వెనుక చదవండి: పాలలో కలుపుకొనే 'డ్రింకింగ్ చాక్లెట్' పొడిలో సగానికి పైగా పంచదార ఉండవచ్చు. మూత్రపిండాలలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవారు కోకో, బాదం, నువ్వులు మూడింటినీ తమ వైద్యుని అడిగి తినడం మంచిది. ఆ మూడింటిలోనూ ఆక్సలేట్ ఎక్కువే.

పది రోజుల తరువాత ఆయన ఫోన్ చేశారు. చేదుగా ఉన్నాయట. మెక్సికోవాళ్లు మిరపకాయ వేసుకునేవారని గుర్తుచేశాను. వారి సతీమణి నిజంగానే చిటికెడు గుంటూరు కారం కలిపారు. ఇప్పుడు ఒక్కటి తింటే రెండోది అడగడం లేదని ఆవిడ చెప్పారు. తదుపరి రక్తపరీక్ష దసరా తరువాత.