పరంగిమలై మరియమాత

చెన్నై విమానాశ్రయం దగ్గర్లోని సెయింట్ థామస్ మౌంట్‌ను స్థానికులు పరంగిమలై అంటారు. ఆ కొండమీది చర్చిలో కొయ్య పలకపై గీసిన మరియమాత, బాలయేసుల చిత్రం ఉంది. దాన్ని సువార్త రాసిన లూకా స్వయంగా గీశాడనీ, యేసు శిష్యుడు తోమా (సెయింట్ థామస్) ఇక్కడికి తెచ్చాడనీ భక్తుల విశ్వాసం. ఈ చిత్రం ఘనత దాన్ని గీసిన చేతిలో కంటే, ఆ కొండను నిలబెట్టిన చేతుల్లోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం.

లూకా గీశాడనే ప్రతీతి ఈ ఒక్క పటానికే లేదు. రోమ్‌లోని శాంతా మరియా మజ్జోరె చర్చి చిత్రానికీ, పోలండ్‌లోని చెస్తోహోవా మాతకూ అదే కథ ఉంది. యేసు బాల్యాన్ని సువార్తల్లో అందరికంటే వివరంగా చెప్పింది లూకా కనుక, తల్లీబిడ్డల రూపాన్ని కూడా ఆయనే దించి ఉంటాడని జనం నమ్మారు. ప్రతిమారాధనను ప్రొటెస్టెంట్లు తప్పుపట్టినప్పుడు, 1563లో కాథలిక్కుల ట్రెంట్ మహాసభ పవిత్ర చిత్రాలను సమర్థించింది. ఆ తరువాత బరోక్ యుగం ఈ నమ్మకాన్ని మరింత పెంచింది. 1613లో పోప్ ఐదో పాల్ రోమ్ చిత్రాన్ని తాను కట్టించిన ప్రార్థనామందిరంలో ప్రతిష్ఠించాడు. మరియమాత పటాన్ని చూపుతున్న లూకాను ఇటాలియన్ చిత్రకారుడు గ్వెర్చీనో 1650ల్లో చిత్రించాడు. రోమ్ చిత్రం నకళ్లను జెసూట్లు దేశదేశాలకు పంపారు. 1580లో ఫతేపూర్ సిక్రీలో అక్బర్ ముందుకు చేరినది అలాంటి నకలే.

ఇక కొండ సంగతి. పోర్చుగీసువారు ఇక్కడ 1523లో ప్రార్థనామందిరం కట్టారు. 1547లో పునాదులు తవ్వుతుంటే ఒక రాతిశిలువ బయటపడింది. దాని చుట్టూ ఉన్నది పహ్లవీ లిపి, అంటే మధ్యయుగపు పారశీక (మధ్య పారశీక) భాషది. 1873లో ఆంగ్ల పండితుడు బర్నెల్ దాన్ని చదివి ప్రకటించాడు. పోర్చుగీసువారికి ఎన్నో శతాబ్దాల ముందే పారశీక సంబంధమున్న క్రైస్తవులు ఈ తీరంలో ఉండేవారనడానికి ఇదే సాక్ష్యం. పోర్చుగీసువారి తరువాత కొండెక్కే మెట్లు కట్టించినవాడు ఆర్మేనియన్ వర్తకుడు ఖోజా పెట్రస్ ఉస్కాన్. 1726లో అడయారు నది మీద వంతెన వేయించింది కూడా ఆయనే. పారశీకుల శిలువ, పోర్చుగీసుల గుడి, ఆర్మేనియన్ల మెట్లు, తమిళ, తెలుగు భక్తుల మొక్కులు: ఇన్ని తరాల సంరక్షణలోనే ఆ చిత్రానికి చోటు దొరికింది.

లూకాను పక్కన పెడితే భక్తికి భంగం కాదా అని అడగవచ్చు. కాదు. భక్తుడు మొక్కేది తల్లికి, చిత్రకారుడికి కాదు. లూకా గీయకపోతే ఇదంతా కట్టుకథే కదా అని హేతువాది అనవచ్చు. అదీ తొందరపాటే. ఒక నమ్మకం నిజమా కాదా అన్నది ఒక ప్రశ్న, ఆ నమ్మకం మనుషులచేత ఏం చేయించిందన్నది మరొక ప్రశ్న. రెండో ప్రశ్నకు రాళ్లూ మెట్లూ సమాధానం చెబుతున్నాయి. రేపు నిపుణులు పలకను పరీక్షించి అది పదహారో శతాబ్దపు పని అని తేల్చినా ఆ సమాధానం మారదు. అందుకే కొండెక్కేవారికి లూకా కథతోపాటు పహ్లవీ శిలువ కథ, ఉస్కాన్ కథ కూడా చెప్పాలి. నగరం ఎన్ని జాతుల చేతుల మీదుగా పెరిగిందో అప్పుడే వారికి తెలుస్తుంది.