మంత్రసాని మాటలు – నర్సింగ్ చదువు

దామరచర్ల దగ్గరి ఒక పల్లె నుంచి వెళ్ళి నర్సింగ్ చదువుతున్న నా పాత విద్యార్థిని ఒకరోజు నోటుపుస్తకంతో వచ్చింది. కాన్పు తర్వాతి ఆరు వారాలకు ఇంగ్లీషులో ఉన్న పేరు చూపించి, తెలుగులో ఏమంటారని అడిగింది. తెలుగు ఎం.ఏ. చదివిన నేను తడుముకోకుండా ‘సూతికావస్థ’ అన్నాను. ఇంటికి వెళ్ళి అమ్మమ్మను అడిగితే ఆమె ‘బాలింతతనం’ అన్నదట. ఆ అమ్మమ్మ ఒకప్పుడు ఆ ఊరి మంత్రసాని.

ఈ చిన్న విషయం నా చదువు మీద నాకే అనుమానం కలిగించింది. నెల తప్పడం, వేవిళ్ళు, ఉమ్మనీరు, మాయ, పురుడు, బాలింత – గర్భం నిలిచింది మొదలు ప్రతి దశకూ ప్రజల భాషలో పేరుంది. పేరు పెట్టగలిగారంటే అంతకుముందే పరిశీలన జరిగిందన్నమాట. ఆ పరిశీలనలో పెద్ద పాలు పురుళ్ళు పోసిన శ్రామిక కులాల స్త్రీలది. నొప్పులు మొదలైనప్పుడు ఊరికి వాళ్ళ చేతులు కావాలి. బిడ్డ నేలను పడ్డాక ఆ చేతులు మైల. కాసిని గింజలో, పాత చీరో కూలి. మైలపడ్డ చేతుల్లోని విద్యను మన భూస్వామ్య సమాజం విద్యగా లెక్కించలేదు.

అయితే మంత్రసానిని ఆకాశానికెత్తడం కూడా చరిత్ర రచన కాదు. కొడవలితో బొడ్డు కోసిన చోట పసికందులు ధనుర్వాతంతో పోయారు. కాని మురికి చేతులు చదువులేని వాళ్ళకే ఉంటాయనుకోవడం పొరపాటు. 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ అనే వైద్యుడు ఒక సంగతి తేల్చాడు. మంత్రసానులు శిక్షణ పొందే వార్డులో కంటే వైద్యవిద్యార్థులు పురుళ్ళు పోసే వార్డులోనే బాలింతలు జ్వరంతో ఎక్కువమంది చనిపోతున్నారు. విద్యార్థులు శవాలను కోసిన చేతులతోనే కాన్పుల గదికి వచ్చేవారు. క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడిగించాక మరణాలు బాగా తగ్గాయి. అయినా పెద్ద డాక్టర్లు చాలామంది ఆ మాట ఒప్పుకోలేదు.

మన ప్రాంతానికి వద్దాం. దామరచర్లకు దగ్గరలోని వాడపల్లి వద్ద కృష్ణా, మూసీ కలుస్తాయి. ఒకప్పుడు ఆ నది రెండు పాలనలకు సరిహద్దు. ఆవల బ్రిటిష్ ఆంధ్రలో, 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచారు. ఈవల నిజాం రాజ్యంలో పల్లెలు వెట్టి కింద నలిగాయి. ఆ వెట్టిని ఎదిరించిన 1946–51 సాయుధపోరాటం భూమి సమస్యను ముందుకు తెచ్చింది. కాన్పు సమస్య మాత్రం ఆడవాళ్ళ సొంత గొడవగా మిగిలింది. స్త్రీ శక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో కమలమ్మ కథనం చదవండి. అడవిలో కని, ఆ బిడ్డను పరాయివాళ్ళ చేతుల్లో పెట్టవలసి వచ్చిన తల్లి ఆమె. ఆ పోరాటం మీద అభ్యుదయ విమర్శకులం పుంఖానుపుంఖంగా రాశాం. ఆ కాన్పు గురించి ఎంత రాశాం? కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసిన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ‘ప్రసూతి – శిశుపోషణ’ అనే పుస్తకం తెలుగులోనే రాశారు. మన సాహిత్య చరిత్రల్లో ఆ పుస్తకానికి చోటెక్కడ?

పరిస్థితి మారలేదని ఎవరూ అనలేరు. తల్లులకూ పసికందులకూ వచ్చే ధనుర్వాతం దేశంలో నిర్మూలన స్థాయికి చేరిందని 2015లో ప్రకటించారు. 2018–20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 కాగా తెలంగాణలో 43. ఇది ఇంటింటికీ తిరిగిన నర్సుల శ్రమఫలం కూడా. కాని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరగ్గా, మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అవి 81.5 శాతం. ఇంతమంది తల్లులకు కోత అవసరమైందంటే నమ్మలేం. మార్కెట్టుకు నొప్పుల కోసం రాత్రంతా కాచుకునే ఓపిక లేదు. ఆ ఓపికే మంత్రసాని విద్యలో సగం. సహజ కాన్పుల కోసం నర్సులకు ప్రత్యేక మిడ్‌వైఫరీ శిక్షణను 2017లో తెలంగాణలో ప్రారంభించడం ఆ విద్య విలువను ఆలస్యంగా ఒప్పుకోవడమే.

అందుచేత నర్సింగ్ విద్యార్థినికి శుభ్రతతోపాటు ఈ చరిత్ర కూడా నేర్పాలి. తాను చేపట్టింది ఎవరి వృత్తినో, వాళ్ళనెందుకు అవమానించారో తెలిసిన నర్సు పేదింటి గర్భిణిని కసురుకోదు. ఆమెకు అర్థమయ్యే మాటల్లోనే ప్రమాద సూచనలు చెప్పగలుగుతుంది. పల్లెల్లో మిగిలిన మంత్రసానులు ఇప్పుడు ముసలివాళ్ళు. వాళ్ళ దగ్గర కూర్చుని ఆ మాటలు రాసుకోవడం మన రచయితల సంఘాలు చేయవలసిన పని. నా విద్యార్థిని అప్పుడే మొదలుపెట్టింది. ఆమె నోటుపుస్తకంలో నేను చెప్పిన మాట కొట్టేసి ఉంది.