క్షయ బాక్టీరియా – మనిషి కొవ్వు: పరిశోధన చరిత్ర

క్షయ బాక్టీరియా ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్ కణాల్లో చేరి, అక్కడి కొలెస్ట్రాల్‌ను, కొవ్వు ఆమ్లాలను తిని బతుకుతుంది. తన మైనపు పొరకు కావలసిన సరుకు కొంత వాటి నుంచే సంపాదించుకుంటుంది. మనల్ని కాపాడాల్సిన కణమే దానికి వంటిల్లు.

పొర సంగతి ముందే తెలిసింది. 1882లో రాబర్ట్ కోచ్ ఈ బాక్టీరియాను కనుగొన్నాడు. దీనికి రంగు ఎక్కడం కష్టం, ఎక్కితే ఆమ్లంతో కడిగినా పోదు. కారణం పొరలోని మైకోలిక్ ఆమ్లాలు. కళ్లె పరీక్షకు ఆధారం ఈ గుణమే. 1952లో వచ్చిన క్షయ మందు ఐసోనియాజిడ్ దెబ్బకొట్టేదీ ఆ ఆమ్లాల తయారీనే.

తిండి సంగతి తేలడం ఆలస్యమైంది. ఎలుకల ఊపిరితిత్తుల్లో పెరిగిన బాక్టీరియా చక్కెరల కన్నా కొవ్వు ఆమ్లాలకే స్పందిస్తుందని 1956లో బ్లాక్, సీగల్ చూపారు. ఆ పరిశీలనకు దక్కాల్సినంత పేరు వెంటనే దక్కలేదు. 1998లో ఈ బాక్టీరియా జన్యుపటం వెలువడింది. సుమారు 4,000 జన్యువుల్లో 250 దాకా కొవ్వుల పనికే కేటాయించి ఉన్నాయని తెలిశాక అందరి చూపూ ఇటు మళ్లింది. కొలెస్ట్రాల్‌ను లోపలికి లాక్కునే ఎంసీఈ4 వ్యవస్థ లేకపోతే బాక్టీరియా దీర్ఘకాలం నిలవలేదని 2008లో పాండే, ససెట్టి నిరూపించారు. సోకిన మాక్రోఫేజ్‌లు కొవ్వు బిందువులతో నురగలా ఉబ్బుతాయి. వాటిలోని బాక్టీరియా కొవ్వు దాచుకుని నిద్రాణస్థితిలోకి జారుతుంది, మందులకు సులభంగా లొంగదు. చికిత్స నెలల తరబడి సాగడానికి ఇదొక కారణం.

హైదరాబాద్‌లోని హబ్సిగూడలో ఉన్న కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీకి ఈ చరిత్రలో సొంత అధ్యాయం ఉంది. కొవ్వు ఆమ్లాలను పొర తయారీకి మళ్లించే కొత్త తరగతి ఎంజైములను 2004లో ఢిల్లీలోని జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థకు చెందిన రాజేశ్ గోఖలే బృందం వెల్లడించింది. వాటి అణునిర్మాణాన్ని విప్పడంలో సీసీఎంబీ శాస్త్రవేత్త రాజన్ శంకరనారాయణన్ బృందం పాలుపంచుకుంది. సీసీఎంబీలోనే అమితాభ చటోపాధ్యాయ, తిరుమలై రఘునంద్ బృందాలు అసలు ప్రవేశద్వారాన్నే పరీక్షించాయి. మాక్రోఫేజ్ పొరలో కొలెస్ట్రాల్ తగ్గితే మైకోబాక్టీరియా లోపలికి రావడం తగ్గుతుందని 2015లోనూ, స్ఫింగోలిపిడ్‌లనే కొవ్వులూ అవసరమేనని 2018లోనూ ప్రచురించాయి. అయితే ఈ ప్రయోగాలు హానిచేయని సోదర జాతి స్మెగ్మాటిస్‌తో చేసినవి. వాటిని క్షయకు యథాతథంగా అన్వయించడం తొందరపాటే.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్‌లు క్షయకు పనికొస్తాయా అన్న పరీక్షలు పలుచోట్ల జరిగాయి. కానీ అవి ప్రామాణిక చికిత్సలో చేరలేదు. రోగి వాడాల్సినవి ఇప్పటికీ వైద్యులు రాసిన క్షయ మందులే, గడువు పూర్తయ్యేదాకా.