రెండు లీటర్ల చట్టం, ఎనిమిది శాతం గీత

1919 ఆగస్టు 29న బెల్జియంలో ఒక చట్టం వచ్చింది. అప్పటి న్యాయశాఖ మంత్రి, సోషలిస్టు నాయకుడు ఎమిల్ వాండర్‌వెల్డ్ పేరుతోనే దాన్ని ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నారు. ఆ చట్టం ప్రకారం బార్లలో జెనీవర్ లాంటి ఘాటు సారాయి పోయకూడదు. దుకాణంలో కొనాలంటే ఒకేసారి కనీసం రెండు లీటర్లు కొనాలి. కూలి డబ్బుతో రోజులు నెట్టుకొచ్చే కార్మికుడి దగ్గర ఒక్కసారిగా అంత సొమ్ము ఉండదు. చట్టం ఉద్దేశం కూడా అదే, వాడి జీతం ఇంటికి చేరాలని.

దేశం అప్పుడే యుద్ధం నుంచి బయటపడింది. బ్రూవరీల్లోని రాగి కాగులను జర్మన్ సైన్యం ఊడదీసుకుపోయింది. బీరు తయారీదారులు మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది. బార్లో సారాయి లేదు కాబట్టి కాస్త ఘాటున్న బీరుకు గిరాకీ పుట్టింది. మోర్ట్‌గాట్ కుటుంబం యుద్ధం ముగిసిన సంబరంగా చేసిన 'విక్టరీ ఏల్' 1923లో 'డూవెల్' అయింది. 1836 నుంచి తమ భోజనాల బల్ల కోసం బీరు కాస్తున్న వెస్ట్‌మాల్ మఠం సన్యాసులు 1934లో తొమ్మిదిన్నర శాతం ఆల్కహాలుతో బంగారు రంగు 'ట్రిపెల్' తెచ్చారు. ఈ వైభవానికంతటికీ ఆ ఒక్క చట్టమే కారణం అనను. కానీ ఆ చట్టం లేకుండా ఈ కథ చెప్పడం కుదరదు.

తాగే గ్లాసులో ఏముండాలో ఈస్ట్ ఎంత నిర్ణయిస్తుందో, ప్రభుత్వమూ అంతే నిర్ణయిస్తుంది. ఈ మాట తెలుగువాళ్లకు కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. వాళ్లను ముందుండి నడిపిన వర్థినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మార్మోగింది. ఆ ఉద్యమం రాజేసిన నిప్పుకు 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం అమలు చేశారు. రెండేళ్లు తిరగ్గానే, 1997లో, ఆయన తర్వాతి ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. మరుసటి ఏడాది నవంబరు 22న హైదరాబాద్ మాదాపూర్ బండరాళ్ల మధ్య సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. హైటెక్ సిటీ పుట్టుక, మద్యం దుకాణాల పునఃప్రవేశం ఇలా వెనకా ముందూ జరిగాయి. రోశమ్మ లాంటి ఆడవాళ్ల కడుపుమంటను పక్కనపెట్టి ఈ ఊళ్లో మద్యం చరిత్ర రాసేవాళ్లను నేను నమ్మను.

నిషేధం పోయాక వచ్చిన బీరు ఎలాంటిది? దుకాణాల్లో ఎక్కువగా నిలిచింది స్ట్రాంగ్ బీరే. నాకౌట్, హేవార్డ్స్ 5000, కింగ్‌ఫిషర్ స్ట్రాంగ్ పేర్లు తెలియని వాళ్లుండరు. ఇచ్చిన డబ్బుకు ఎంత మత్తు అన్న లెక్క అందులో ప్రధానం. చల్లగా, గొంతు దిగిపోయేలా తాగాలి. రుచి గురించి ఆగి ఆలోచించే పని లేదు. బెల్జియం వాళ్ల ఘాటు బీరులో ఆల్కహాలు అంతకన్నా ఎక్కువే, కానీ దాన్ని చేసే పద్ధతి పూర్తిగా వేరు.

ఆ పద్ధతి కాస్త దగ్గర నుంచి చూద్దాం. ఇరవై లీటర్ల ట్రిపెల్‌కు సుమారు అయిదున్నర కిలోల బార్లీ మాల్ట్, కిలో పంచదార కావాలి. నలగ్గొట్టిన మాల్ట్‌ను 65 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ఉంచితే అందులోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీటిని వడకట్టి, హాప్స్ పూలు వేసి గంటో గంటన్నరో మరిగించాలి. పంచదార చివర్లో పడుతుంది. ఇదే బెల్జియం వాళ్ల కిటుకు. పంచదారను ఈస్ట్ మిగల్చకుండా తినేస్తుంది కాబట్టి ఘాటు పెరిగినా బీరు చిక్కబడదు, నాలుకకు తేలిగ్గా ఉంటుంది. తర్వాత 18 డిగ్రీలకు చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. లాగర్ బీరుకైతే ఈ దశలో పది, పన్నెండు డిగ్రీల చలి కావాలి. బెల్జియన్ ఈస్ట్‌ను మాత్రం మెల్లగా 24, 25 డిగ్రీల దాకా ఎక్కనిస్తారు. ఆ వెచ్చదనంలోనే అరటిపండు వాసన, లవంగం ఘాటు పుడతాయి. వాటి కోసం అరటిపండూ వేయరు, లవంగమూ వేయరు. సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ మొదట 1.080 చూపించి, రెండు మూడు వారాలకు 1.010కి దిగితే ఆల్కహాలు తొమ్మిది శాతం దాటినట్టు. ఆపైన లీటరుకు ఏడు గ్రాముల పంచదార కలిపి మందపాటి సీసాల్లో బిగిస్తే, లోపల బతికున్న ఈస్ట్ గ్యాస్ పుట్టిస్తుంది. సీసా పల్చనిదైతే పేలుతుంది. నెలో రెండు నెలలో ఆగాలి.

బతికున్న ఈస్ట్ అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది కల్లే. చెట్టు మీది లొట్టిలో గీత కార్మికుడు ఏ ఈస్టూ వేయడు. గాలిలోది, కిందటి కల్లు తాలూకు లొట్టికి అంటుకున్నది, దానంతట అదే పని మొదలుపెడుతుంది. బ్రస్సెల్స్ పక్కన సెన్ నది లోయలో లాంబిక్ బీరు కాచేవాళ్లూ ఇలాగే మూత తీసి రాత్రి గాలికి వదిలేస్తారు. ఆ బీరుకు అక్కడ దక్కే గౌరవం మన గౌడన్న పనితనానికి ఇక్కడ దక్కలేదని నా బాధ. 2016లో బెల్జియం బీరు సంస్కృతిని యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు పదేళ్ల పాటు మూతపడి, 2014లో గానీ తెరుచుకోలేదు. నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ 2023లో వచ్చింది.

మరి పైన చెప్పిన ఇరవై లీటర్లు కొండాపూర్ ఫ్లాట్‌లో కాచుకోవచ్చా? కుదరదు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం నేరం, సొంతంగా తాగడానికే అయినా సరే. అదే కొండాపూర్ కుర్రాడు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తుంటే తన గ్యారేజీలో నిక్షేపంగా కాచుకోవచ్చు. అమెరికాలోనూ ఇది మొదటి నుంచీ ఉన్న హక్కు కాదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేశాకే దేశవ్యాప్తంగా దారి తెరుచుకుంది. ఒక మనిషికి ఏడాదికి వంద గ్యాలన్లు, ఇంటికి రెండు వందలు, అమ్మకం మాత్రం నిషిద్ధం. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు ఒప్పుకోవడానికి 2013 దాకా పట్టింది.

ఇక్కడ తలుపు వేరే వైపు తెరుచుకుంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చింది. ఇప్పుడు జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా గాజు గోడల వెనక స్టీలు ట్యాంకులు మెరుస్తున్నాయి. వాటి మెనూల్లో బెల్జియం పేరుతో ఎక్కువగా దొరికేది విట్ బీరు. గోధుమ, నారింజ తొక్క, ధనియాలతో చేసే తేలికపాటిది, త్వరగా తయారయ్యేది. ఘాటు ఏల్ ట్యాంకును వారాల తరబడి కదలనివ్వదు, అద్దె మాత్రం రోజూ ఎక్కుతూనే ఉంటుంది. పైగా ఆహార భద్రతా సంస్థ ప్రమాణాల్లో స్ట్రాంగ్ బీరు గీత ఎనిమిది శాతం దగ్గర ఆగుతుంది. ట్రిపెల్ ఆ గీతకు అవతల ఉంది, ఎనిమిదిన్నర శాతం డూవెల్ కూడా.

అయినా గీతకు ఇవతలే ఒక మంచి బీరు ఉంది. వెస్ట్‌మాల్ సన్యాసులు కాచే గోధుమరంగు 'డబెల్' సరిగ్గా ఏడు శాతం. షిమే మఠం ఎర్ర లేబుల్ సీసా కూడా అంతే. డబెల్‌కు ఆ రంగు, ఎండు ద్రాక్ష లాంటి రుచి ఇచ్చేది మాడ్చిన బీట్ చక్కెర పాకం. నీరాను కాచి తీసే తాటిబెల్లం ఆ పనికి సరిపోతుందని నా నమ్మకం. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. గచ్చిబౌలిలో లైసెన్సున్న ఏ బ్రూవరీ అయినా ఒక్క ట్యాంకును రెండు నెలలు దానికి వదిలిపెట్టి, బెల్లాన్ని గీత కార్మికుల సంఘం దగ్గర కొంటే చాలు.