అనుమానానికి మొదటి పేజీ, తీర్పుకు లోపలి పేజీ

మతహింస చరిత్ర రాయబోయేవారికి పోలీసు రికార్డు ఎంత అవసరమో పాత పత్రికల ఫైలూ అంతే అవసరం. బాంబు పేలిన మర్నాటి పత్రికను, తీర్పు వచ్చిన మర్నాటి పత్రికను పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తేటపడుతుంది. మన పత్రికలు నేరస్థుణ్ణి వెతకడం కంటే ముందు అతని మతాన్ని వెతుకుతాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నవాడిగా ఈ మాట అంటున్నాను.

2000 జూన్ 8న ఒంగోలు, తాడేపల్లిగూడెం చర్చిల్లోను, కర్ణాటకలోని వాడి చర్చిలోను బాంబులు పేలాయి. విజయవాడ రోడ్డు మీదున్న ఎల్.బి.నగర్‌లో కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. వారికిది దూరపు వార్త కాదు. అంతకుముందు ఏడాదే ఒరిస్సాలో గ్రాహం స్టెయిన్స్‌నీ, అతని ఇద్దరు కొడుకులనూ సజీవంగా తగలబెట్టారు. అందుచేత చాలామంది హిందూ మతోన్మాద సంస్థలను అనుమానించారు. ఆ అనుమానానికి కారణం ఉంది, ఆధారం లేదు.

జూలై 9న బెంగుళూరులో మరో చర్చిలో బాంబు పేలింది. ఆ రాత్రే బాంబులు తీసుకుపోతున్న వ్యాను పేలి అందులోని ఇద్దరు చనిపోయారు. ఆ జాడ పట్టుకున్న దర్యాప్తు మన నగరంలోని ఆసిఫ్‌నగర్ కేంద్రంగా ఉన్న దీన్‌దార్ అంజుమన్ దాకా వచ్చింది. 2001లో కేంద్రం ఆ సంస్థను నిషేధించింది. 2008లో బెంగుళూరు ప్రత్యేక కోర్టు దోషులకు శిక్షలు వేసింది.

వెంటనే నింద దిక్కు మారింది. నిన్నటిదాకా ఒక మతం, ఈరోజు ఇంకో మతం. నిజానికి దీన్‌దార్ అంజుమన్ 1924లో సిద్దీఖ్ దీన్‌దార్ పెట్టిన చిన్న శాఖ. తాను చన్నబసవేశ్వరుడి అవతారమని చెప్పుకున్న ఆయన బోధను ముస్లిం సమాజంలో అత్యధికులు అంగీకరించలేదు. ఈ సంగతి దాచి “ముస్లింలు చర్చిలపై దాడి చేశారు” అని రాస్తే చదివేవాడికి అందేది సగం నిజమే. మతాల మధ్య చిచ్చు పెట్టడమే ఆ కుట్ర లక్ష్యమని దర్యాప్తు అధికారులు అన్నారు. అదే నిజమైతే, ఆధారం దొరక్కముందే మతం పేరెత్తిన ప్రతి కలమూ బాంబు పెట్టినవాడి పనిని సగం పూర్తిచేసినట్టే.

2007 మే 18న మక్కా మసీదులో ప్రార్థన చేస్తున్నవారి మధ్య బాంబు పేలి తొమ్మిదిమంది, ఆ తరువాత పోలీసు కాల్పుల్లో అయిదుగురు చనిపోయారు. చనిపోయినవారూ ముస్లింలే, పోలీసులు పట్టుకుపోయినవారూ ముస్లిం యువకులే. వాళ్లు “ఉగ్రవాదులు” అని పెద్ద అక్షరాల్లో వచ్చింది. తరువాత కోర్టులు వాళ్లను నిర్దోషులుగా వదిలిపెట్టాయి. ఆ వార్తకు ఎంత చోటు దక్కిందో ఫైళ్లు తిరగేసి చూడండి. ఆ తరువాత హిందూత్వ సంస్థలకు చెందినవారిపై కేసు నడిచింది. 2018 ఏప్రిల్ 16న కోర్టు అయిదుగురినీ విడుదల చేసింది. ఆ చావులకు ఈనాటికీ ఎవరికీ శిక్ష పడలేదు.

ఇక మా వీధి సంగతి. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర సైకిళ్ల మీద పెట్టిన బాంబులు పేలి 18 మంది చనిపోయారు. వందమందికి పైగా గాయపడ్డారు. కోచింగు కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు బస్సు కోసం నిలబడే చోటది. నెత్తురు ఆరకముందే టీవీల్లో పేర్లు మొదలయ్యాయి. గాయపడి ఆసుపత్రిలో ఉన్న ముస్లిం యువకుణ్ణి కూడా అనుమానితుడిగా చూపారు. హోటలు దగ్గర టీ తాగుతూ జనం అవే పేర్లు వల్లించారు. వాళ్లకు ఆ పేర్లు చెప్పింది పోలీసులు కాదు, పత్రిక.

“చివరికి ఇండియన్ ముజాహిదీన్ వాళ్లకే శిక్ష పడింది కదా, అనుమానం నిజమే కదా” అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. నిజమే. 2016 డిసెంబరులో అయిదుగురికి మరణశిక్ష పడింది; 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. కాని కోర్టు శిక్షించింది అయిదుగురిని. మలక్‌పేటనూ సైదాబాదునూ కాదు. ఇల్లు అద్దెకివ్వమన్న మాట మాత్రం ఆ పేటల వాళ్లందరికీ ఎదురైంది. అనుమానం ఒకసారి నిజమైనంత మాత్రాన, ఆధారం లేకుండా వేసిన నింద న్యాయమైపోదు.

ఈ నగరానికి వేరొక పత్రికా సంప్రదాయం కూడా ఉంది. ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్ల దౌర్జన్యాన్ని నిర్భయంగా ఖండించినందుకు 1948 ఆగస్టులో కాచిగూడలో హత్యకు గురయ్యాడు. ఆయన తన మతం చూసి కలం ఆపలేదు. కాచిగూడ మాకు ఎంతో దూరం లేదు. నింద అచ్చయిన చోటనే, అంతే పెద్ద అక్షరాల్లో, నిర్దోషి అన్న తీర్పునూ అచ్చు వేయమని మన రచయితలు పట్టుబట్టాలి. ఆయన వారసులమని చెప్పుకోవాలంటే కనీసం ఆ పాటి చెయ్యాలి.