పిల్లల చదువుకు డైనోసార్ బొమ్మల పుస్తకాలు

నాలుగేళ్ల పాపను అక్షరాలు దిద్దమంటే పారిపోతుంది. డైనోసార్ బొమ్మ చూపిస్తే తానే వచ్చి ఒళ్లో కూర్చుంటుంది. ‘టైరానోసారస్’ అనడానికి పెద్దలకే నోరు తిరగదు, పిల్లలు మాత్రం గడగడా చెప్పేస్తారు. ఈ సరదానే చదవడం వైపు తిప్పుతాయి డైనోసార్ బొమ్మల పుస్తకాలు.

వీటిలో బాగా పేరున్నది ‘హౌ డు డైనోసార్స్ సే గుడ్ నైట్?’. అమెరికా రచయిత్రి జేన్ యోలెన్ రాయగా మార్క్ టీగ్ బొమ్మలు వేశారు. 2000లో వచ్చింది. ఇందులో అమ్మానాన్నలు మామూలు మనుషులే, పిల్లల చోట మాత్రం గది పట్టనంత డైనోసార్లు! పడుకోమంటే అవి మారాం చేస్తాయా, అల్లరి చేస్తాయా అని ప్రశ్న మీద ప్రశ్న. అసలు తమాషా ఏంటంటే, ఒక్కో డైనోసార్ పేరు ఆ బొమ్మలోనే ఎక్కడో దాగి ఉంటుంది. దాన్ని వెతుకుతూ పిల్లలు తెలియకుండానే అక్షరాల ఆకారాలు గుర్తుపడతారు.

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. చాలామంది అమ్మీలకు ఒకటే బెంగ, ‘ఇంగ్లీషు నాకే రాదు, పిల్లలకు ఏం చదివి వినిపించేది?’ అని. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవక్కర్లేదు. బొమ్మ మీద వేలు పెట్టి ‘యే క్యా కర్రా?’ అని అడిగితే చాలు. ‘సోరా’ అంటే, ఎక్కడ పడుకుంది, మంచం మీదా కిందా అని ఇంకో ప్రశ్న. 1988లో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం రెండేళ్ల వయసు పిల్లల తల్లిదండ్రులకు ఇలా ప్రశ్నలు అడుగుతూ చదివించడం నేర్పింది. నెల రోజుల్లోనే ఆ పిల్లలకు మాటలు పెరిగాయి. నానీ, దాదీలు కూడా చేయగలిగిన పని ఇది.

ఒక జాగ్రత్త. పేరు కంఠతా చెప్పడం చదవడం కాదు. బొమ్మను చేత్తో మూసి, పేరు మాత్రమే చూపించి అడగాలి. పొడుగు పేర్లు చప్పట్లు కొడుతూ పలకడానికి బాగుంటాయి, డై-నో-సార్ అని. చదవడం మాత్రం తల, తోక, కాలు లాంటి చిన్న మాటలతోనే మొదలుపెట్టాలి. బొమ్మ పక్కన ఆ మాట రాసిన చీటీ అంటిస్తే సరిపోతుంది.

పుస్తకాలు కొనలేని వాళ్లకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు, ఉర్దూ బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. ఫోన్ పిల్లల చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోతే లాభం లేదు, పక్కన కూర్చోవాలి.

పుస్తకం చూశాక హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లొచ్చు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టిన డైనోసార్ అక్కడుంది. దాని పూర్తి పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. మన ఊరి పేరు అందులో ఎక్కడుందో పిల్లలనే వెతకమనండి.